పాత సామాన్ల బేరం: ఒక రాజవాడ, ఒక ఓడ, ఒక కాలరీ క్వార్టర్



పోయిన సమావేశంలో చిన్న విషయం మీద పెద్ద వాదన జరిగింది, గుర్తుందిగా? ఆగస్టు 15 సెలవును ఆనుకుని మన హాల్లో రెండు మూడు రోజులు పాత సామాన్ల అమ్మకం పెడదామని మన పిల్లలు అన్నారు. ఇంట్లో వాడకుండా పడి ఉన్నవన్నీ తెచ్చి పెడితే అవసరమున్నవాళ్లకు చౌకగా దొరుకుతాయి, వచ్చిన దాంట్లో కొంత సంఘానికి కూడా మిగులుతుందని వాళ్ల ఆలోచన. పెద్దల్లో కొందరు ఒప్పుకోలేదు. "మనమేమన్నా భంగార్ దుకాణం వాళ్లమా? మన ఇంటి సామాను నలుగురి ముందు పెట్టి రేటు చెప్పుకోవాలా?" అన్నారు. మాట పెరిగి విషయం వాయిదా పడింది. ఈ సంగతి మీద తీరిగ్గా రాస్తామని ఆ రోజే మాట ఇచ్చాం. ఇదిగో, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు పిల్లల వైపు మాట్లాడతాం. వాళ్లకు ఈ ఆలోచన అమెరికాలో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల నుంచి వచ్చింది. అక్కడ ఇంటి ముందు పెరట్లోనో, కారు పెట్టే షెడ్డులోనో పాత సామాను పేర్చి అమ్మడం మామూలు సంగతి. దాన్నే యార్డ్ సేల్ అంటారు. కొత్తగా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి మొదటి డైనింగ్ టేబులు, పిల్లల సైకిలు, వంటగది సామాను అలాగే సమకూరాయి. సెలవుల వారాంతాల్లో ఈ సేల్స్ ఎక్కువ. దానికో చరిత్ర ఉంది. 1968లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసి కొన్ని జాతీయ సెలవులను సోమవారానికి జరిపింది. 1971 నుంచి అది అమల్లోకి వచ్చింది. మే చివరి సోమవారం మెమోరియల్ డే అలాంటి సెలవే. శని, ఆది, సోమ మూడు రోజులు వరసగా దొరికేసరికి ఇల్లు సర్దుకోవడం, మిగిలింది అమ్ముకోవడం ఆ మూడు రోజుల పని అయింది. 1987లో మొదలైన ఒక సేల్ ఇప్పుడు 127వ నంబరు హైవే వెంట మిషిగన్ నుంచి అలబామా దాకా ఆరు రాష్ట్రాల్లో, దాదాపు 690 మైళ్ల పొడుగున ఏటా ఆగస్టులో నడుస్తుంది. నెదర్లాండ్స్‌లో రాజుగారి పుట్టినరోజు ఏప్రిల్ 27న జనం వీధిలో దుప్పటి పరిచి పాత సామాను అమ్ముకుంటారు. ఆ ఒక్క రోజుకు లైసెన్సు అక్కర్లేదు. అక్కడెవరూ దీన్ని నామోషీగా అనుకోరు.

మరి మన దగ్గర లేదా? ఉంది, ఎప్పటినుంచో ఉంది. హైదరాబాదులో గురువారం గురువారం జుమేరాత్ బజారు, ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు. పుణెలో బుధవారం, ఆదివారం జూనా బజార్. ఇంటికే వచ్చే బేరం కూడా ఉంది. మరాఠీలో బోహారీణ్ అంటారు, తలమీద గంపలో స్టీలు గిన్నెలు పెట్టుకుని వచ్చి పాత బట్టలు తీసుకుని గిన్నె ఇచ్చిపోయే ఆడమనిషి. మన ఇళ్లలో ఆమెతో బేరం చేయని అమ్మ లేదు. "ఈ చీర జరీ చూడు, ఇంకో గిన్నె పెట్టు" అని గంటసేపు గుమ్మంలో కూర్చుని వాదించేవాళ్లు. దీపావళికి ఇల్లు దులిపినప్పుడు కబాడీవాలా త్రాసు పట్టుకుని వచ్చేవాడు. అంటే పాత సామాను అమ్మడం మనకు కొత్త కాదు, అవమానమూ కాదు.

అయితే పెద్దల గొంతులో కోపం ఎందుకు వచ్చింది? అది ఉత్త నామోషీ కాదని మేము అనుకుంటున్నాం. దాని వెనక ఇంకో రకం అమ్మకం జ్ఞాపకం ఉంది. ఇష్టపడి అమ్మడం వేరు, గడువు మెడ మీద ఉండగా అమ్మడం వేరు. ఈ రెండో రకానికి మన విదర్భ చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

మన చాందా కోట గోండు రాజులది. జట్‌పురా, బింబా, అచలేశ్వర్, పఠాన్‌పురా దర్వాజాల కింద నుంచి రోజూ వెళ్తూ వస్తూనే ఉంటాం. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. ఆ నాగపూర్ రాజు మూడో రఘోజీ 1853 డిసెంబరు 11న కొడుకులు లేకుండా చనిపోయాడు. దత్తత తీసుకుంటామని రాణులు అడిగారు. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒప్పుకోలేదు. వారసుడు లేడన్న పేరుతో 1854లో రాజ్యాన్ని కంపెనీలో కలిపేశారు. మన చాందా కూడా అలాగే ఇంగ్లీషు వాళ్ల కిందికి వచ్చింది.

ఇంతవరకు బడి పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత జరిగింది అంతగా చెప్పరు. రాజ్యం తీసుకున్నాక రాజవాడలో ఉన్న సామాను సంగతి వచ్చింది. ఏనుగులు, ఒంటెలు, గుర్రాలు, ఎడ్లు వందల కొద్దీ వేలానికి పెట్టారు. కొనేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లు ఎలాగైనా వదిలించుకోవాలనుకుంటున్నారని. అడ్డికి పావుసేరు లెక్కన పోయాయి. లోపలి సామాను బయటికి తీస్తే ఇంటికి నిప్పు పెడతానని రాణుల్లో ఒకరు అన్నారట. అయినా తీశారు. భోంస్లేల నగలు కలకత్తా వెళ్లి అక్కడి బజారులో అమ్ముడుపోయాయి. వచ్చిన డబ్బు ఆ కుటుంబం కోసం పెట్టే నిధికేనని కంపెనీ చెప్పుకుంది. లెక్క ప్రకారం చూస్తే సొమ్ము వాళ్లదే, వాళ్లకే. మరి బాధ ఎందుకు?

1857 తిరుగుబాటు చరిత్ర రాసిన జాన్ విలియం కే అనే ఇంగ్లీషు రచయిత ఈ సంగతిని దాచకుండా రాశాడు. రాజ్యాన్ని లాక్కున్న దానికంటే రాజవాడ సామాను అమ్మిన తీరే ఈ ప్రాంతపు జనం మనసులో ఎక్కువ చెడ్డపేరు తెచ్చిందని ఆయన అభిప్రాయం. మాకు ఈ మాట చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది, తర్వాత అర్థమైంది. రాజ్యం పోవడం ఎక్కడో కాగితం మీద జరిగిన పని. ఇంట్లో సామాను వీధిలోకి రావడం కంటికి కనపడే పని. రాజు ఎక్కిన ఏనుగుకు వీధిలో ఎవరో రేటు కడుతుంటే చూసిన మామూలు మనిషికి కూడా గుండె కలుక్కుమంటుంది. ఆ రాజు మీద అతనికి ప్రేమ ఉండాల్సిన పని కూడా లేదు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం, మరాఠీలో లిలావ్, హిందీలో నీలామ్ రెండూ పోర్చుగీసు వాళ్ల లెయిలాంవ్ నుంచి వచ్చినవి. మన వేలం కూడా ఆ ఇంటి పిల్లేనని అంటారు. మాట ఓడ దిగి వచ్చింది. ఓడల్లోనే ఈ వేలానికి ఇంకో ముఖం కూడా ఉంది.

ఇంగ్లీషు నౌకాదళంలో ఒక నావికుడు సముద్రం మీద చనిపోతే అతని పెట్టె, బట్టలు, కత్తి అన్నీ ఓడ స్తంభం దగ్గర పెట్టి తోటివాళ్ల మధ్య వేలం వేసేవాళ్లు. వచ్చిన డబ్బు అతని ఇంటికి పంపేవాళ్లు. అక్కడ విచిత్రం ఏమిటంటే, చిరిగిన చొక్కాకు కొత్త చొక్కా ధర కంటే ఎక్కువ పాడేవాళ్లు. కొన్నవాడు మళ్లీ అదే చొక్కా వేలానికి పెడితే ఇంకొకడు ఇంకా ఎక్కువకు కొనేవాడు. వాళ్లేమీ డబ్బున్నవాళ్లు కాదు. ఇంటి దగ్గర ఒక విధవ ఉంది, పిల్లలు ఉన్నారని తెలుసు. నాగపూర్ వేలంలో అందరూ ధర తగ్గించడానికి చూశారు. ఓడ మీది వేలంలో అందరూ పెంచడానికి చూశారు. పద్ధతి ఒకటే, అటు పక్కన ఉన్న మనిషిని చూసే కన్ను వేరు.

మనకు దగ్గర్లో కామ్ఠీ ఉంది కదా, నాగపూర్ పక్కన. 1821లో అక్కడ కంటోన్మెంటు పెట్టారు. చాలా కాలం అక్కడ ఉన్నది మద్రాసు సైన్యం. అందులో మన తెలుగు సిపాయిలు ఉండేవాళ్లు. విదర్భలో తెలుగు మాట వినపడటానికి అదీ ఒక కారణం. ఇలాంటి కంటోన్మెంటుల్లో దొరలకు బదిలీ వస్తే కుర్చీలు, బల్లలు, పింగాణీ, గుర్రం అన్నీ జాబితా రాసి ధరతో సహా తోటి బంగళాలకు తిప్పేవాళ్లు. అంత దూరం మోయలేరు కాబట్టి అమ్ముకుని పోయేవాళ్లు, కొత్త ఊళ్లో ఇంకొకరి దగ్గర కొనుక్కునేవాళ్లు. బదిలీ అమ్మకం అలవాటు మన ఊళ్లకు ఆ కాలంలోనే వచ్చింది.

ఇక మన కథకు వద్దాం. మన సంఘంలో సగం మంది తాతలో తండ్రులో బొగ్గు కోసమో కాగితం మిల్లు కోసమో ఈ నేలకు వచ్చారు. 1929లో కాజీపేట – బల్లార్షా రైలు దారి పూర్తయ్యాక కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి రావడం తేలికైంది. 1973లో గనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. ఉద్యోగంతో పాటు క్వార్టరు వచ్చింది. రెండు గదులు, వెనక ఇంత పెరడు. మనవాళ్లు ఆ పెరట్లో గోంగూర వేసి, మునగ నాటి, ముప్పై ఏళ్లు అది సొంత ఇల్లే అనుకున్నారు. రిటైరయిన రోజున గాని గుర్తుకు రాలేదు, అది కంపెనీ ఇల్లని.

మా నాన్నగారు 1997 జూలై 31న రిటైరయ్యారు. కొడుకులం మేము ఇంకా స్థిరపడలేదు. బాబూపేటలో చిన్న అద్దె ఇల్లు దొరికింది, క్వార్టరు సామాను అందులో పట్టదు. ఆ ఏడు ఆగస్టు 15 శుక్రవారం. స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లు, ఎటు చూసినా జెండాలు. మధ్యలో ఆదివారం, సోమవారం రాఖీ పండగ. జనం ఇళ్ల దగ్గర ఉంటారు కదా అని ఆ నాలుగు రోజుల్లోనే అమ్మేద్దామన్నారు నాన్న. అలా మా సామాను గుమ్మం ముందుకొచ్చింది.

మొదటి రోజు అందరూ మంచి మాటలు చెప్పి, చూసి, వెళ్లిపోయారు. రెండో రోజు సగం ధర అడిగారు. మూడో రోజుకు మా లారీ ఎప్పుడొస్తుందో లైను మొత్తానికి తెలిసిపోయింది. బర్రెను నీళ్లలో పెట్టి బేరం చేయకూడదంటారు పెద్దలు, కొనేవాడు మోసపోతాడని. మా బర్రె ఒడ్డునే ఉంది, అందరూ పళ్లు లెక్కపెట్టుకున్నారు. మోసపోయింది మాత్రం మేమే. కుట్టుమిషను పోయింది. రెండు ట్రంకు పెట్టెలు పోయాయి. అమ్మ పెళ్లికి వచ్చిన ఇత్తడి గంగాళం దగ్గరికి వచ్చేసరికి కొనేవాళ్లు లేరు. స్టీలు వచ్చాక ఇత్తడి ఎవరికి కావాలి? చివరికి కబాడీ అతను త్రాసుకు వేలాడదీశాడు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాన్న అటు తిరిగి మునగచెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. బరువెంతో ఆ కబాడీ అతను రెండుసార్లు చెప్పాడు. నాన్న వినలేదు, మేమే డబ్బు తీసుకున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాన్న బల్లార్షా టేకుతో దగ్గరుండి చేయించుకున్న మంచం ఉండేది. దాన్ని ఇద్దరు ముగ్గురు కట్టెల ధరకు అడిగారు. సాయంత్రం నాన్నతో షిఫ్టులో పనిచేసిన మానుకొండూరు వైపు ఆయన వచ్చాడు. మంచం మీద చెయ్యి వేసి, "అన్నా, నువ్వు రేటు చెప్పకు, నేనే చెప్త" అని, మేము అడుగుదామనుకున్న దానికంటే రెండు వందలు ఎక్కువ చెప్పాడు. నాన్న వద్దన్నారు. "నేను మంచం కొంటున్న గానీ నీకు దానం జేస్తలేను" అన్నాడాయన. ఆయనకు కూడా రెండేళ్లలో రిటైర్‌మెంటు ఉంది. ఆ మంచం ఆయన ఇంట్లో ఎంత చోటు తిని ఉంటుందో మాకు తర్వాత తెలిసింది. ఓడ మీది వేలం గురించి ఏళ్ల తర్వాత చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది ఆయనే.

ఇంత అనుభవం ఉన్నవాళ్లం మేమైనా బాగా నేర్చుకున్నామా అంటే, లేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటికి దగ్గర్లో ఒక కుటుంబం బదిలీ మీద వెళ్తోందని తెలిసి ఫ్రిజ్ చూడటానికి వెళ్లాం. జనవరి 26 సెలవు రోజది. మంచి ఫ్రిజ్, అడిగిన ధర కూడా న్యాయమే. కానీ పొద్దున్నే లారీ వస్తుందని వాళ్ల చిన్నబ్బాయి నోరు జారాడు. మేము అది పట్టుకున్నాం. "ఆలోచించి రాత్రికి చెబుతాం" అని లేచాం. రాత్రికి వాళ్లే ఫోన్ చేశారు, మూడో వంతుకు ఇచ్చేశారు. తీసుకురావడానికి వెళ్తే ఆ ఇంటావిడ తడిగుడ్డతో ఫ్రిజ్ లోపలంతా తుడిచి, తలుపు మీద పిల్లలు అంటించిన బొమ్మలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంటోంది. ఏమీ అనలేదు. "ఐసు గది తలుపు కొంచెం గట్టిగా వెయ్యాలండీ" అని మాత్రం చెప్పింది. ఇంటికి వచ్చి ఎంత మిగిలిందో అందరికీ గొప్పగా చెప్పాం. ఆ రాత్రి అమ్మ ఫ్రిజ్ వైపు చూసి, "గంగాళం తూకం వేసినాయన కూడా ఇంటికి పోయి ఇట్లనే చెప్పి ఉంటడు" అంది. ఆ ఫ్రిజ్ పదేళ్లు పనిచేసింది. ఒక్క రోజు కూడా ఆ మాట మర్చిపోనివ్వలేదు.

కాబట్టి మేము తేల్చుకున్నది ఇది. చౌకగా దొరికిన వస్తువులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి, వాడేసిన వస్తువు కాబట్టి తగ్గిన ధర. అది కొనేవాడికి న్యాయంగా రావలసిందే. రెండోది, అమ్మేవాడి తొందర వల్ల తగ్గిన ధర. అది మనం సంపాదించింది కాదు, అతని దగ్గర నుంచి తీసుకున్నది. అమ్మకం హాల్లో పెట్టినా, గుమ్మంలో పెట్టినా ఈ రెండింటినీ విడదీయగలిగితే చాలు. పిల్లలు చెప్పిందీ సరే, పెద్దల బాధా సరే.

అందుకే హాల్లో అమ్మకం పెట్టాలనే మా ఓటు. ఈ పద్ధతుల మీద పెట్టాలి:

రిటైరయ్యేవాళ్లు, బదిలీ మీద వెళ్లేవాళ్లు ఆఖరి వారం దాకా ఆగకుండా రెండు మూడు నెలల ముందు వచ్చే సెలవుకే సామాను తేవాలి. గడువు దూరంగా ఉంటే గొంతు గట్టిగా ఉంటుంది.

ధర చీటీ మీద అమ్మేవాళ్లే రాయాలి. ఎవరి సామాను అన్నది చీటీ మీద ఉండకూడదు. బల్ల దగ్గర సంఘం వాళ్లు కూర్చుంటారు. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడి తమ మంచానికి తామే బేరం వినాల్సిన పని లేదు.

ఇత్తడి, రాగి, కంచు సామానుకు ఆ రోజు తూకం ధర కంటే తక్కువ రాయకూడదు. పగటిపూట ఎవరూ కొనకపోతే గంగాళాలు, పెద్ద గుండిగలు సంఘమే తూకం ధరకు తీసుకుని మన పెళ్లిళ్లకు, బోనాలకు వాడుకోవచ్చు. కళాయి పెట్టిస్తే ఇంకో తరం వాడుకోవచ్చు.

కొనేవాళ్లకు కూడా నాలుగు మాటలు. మంచి వస్తువు కావాలంటే పొద్దున్నే రండి, చౌక కావాలంటే సాయంత్రం రండి, రెండూ ఒకేసారి దొరకవు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. ఇత్తడి అని చెప్పినదానికి అది అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత. టేకు అన్నదాన్ని రంగు చూసి నమ్మకండి, అడుగున రంగు వేయని చోట చూడండి, ఎత్తి బరువు చూడండి. ఫ్యాను, మిక్సీ అక్కడే ప్లగ్గు పెట్టి పది నిమిషాలు నడిపించి, వేడెక్కుతుందేమో చూసి తీసుకోండి. పాత ప్రెషర్ కుక్కరు కొంటే గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు కొత్తవి వేయించకుండా పొయ్యి మీద పెట్టకండి. వాడిన హెల్మెట్టు ఎంత చౌకగా వచ్చినా వద్దు, దానికి తగిలిన దెబ్బ పైకి కనపడదు.

చివరిగా ఒక మాట. మా గంగాళం కరిగిపోయి ఎప్పుడో ఏ కుళాయిగానో మారి ఉంటుంది. దాన్ని వెతుక్కునే పని లేదు. కానీ ఆ మంచం ఇంకా ఉంది. మానుకొండూరు ఆయన పోయి చాలా కాలమైంది, మంచం ఇప్పుడు ఆయన మనవడిది. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే దాని మీదే కూర్చోబెట్టారు. మనవడికి కథ తెలియదు. "తాత ఎవరి దగ్గరనో ఎక్కువ పెట్టి కొన్నడంట, నాయనమ్మ ఎప్పుడూ తిట్టేది" అన్నాడు నవ్వుతూ. మేము కథ మొత్తం చెప్పాం.

వచ్చే సమావేశానికి తప్పకుండా రండి. ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఇద్దరూ రావాలి. మీ ఇంటి నుంచి ఇలా వెళ్లిపోయిన వస్తువో, మీ ఇంటికి ఇలా వచ్చిన వస్తువో ఉంటే దాని సంగతి కింద రాయండి. మన సంఘం చరిత్ర ఎవరూ పుస్తకంగా రాయలేదు. సామాను చేతులు మారిన కథలు పోగేస్తే సగం చరిత్ర అందులోనే దొరుకుతుంది.